నీలం రంగు కింద అక్రోటు కట్టె

కర్నూలు జిల్లా, ఆదోని పట్టణం, పత్తి మార్కెట్ యార్డు వెనక వీధిలో కాపురమున్న కీర్తిశేషులు మాన్వి రాఘవేంద్ర శెట్టి గారి భార్య, మాన్వి భాగ్యలక్ష్మి, వయస్సు యాభై ఎనిమిది సంవత్సరాలు, అను నేను, నా తదనంతరం అమలు కావలసిన ఈ వీలునామాను ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించి, మళ్ళీ చదివించుకొని విని, సంతకం చేస్తున్నాను.

నా బుద్ధి స్థిరంగా ఉన్నది. ఈ మాట అందరూ రాసుకునేదే గాని నా విషయంలో గట్టిగా రాయవలసిన అవసరముంది. నాకు మతి చెడిందని మా బావగారు, అంటే నా భర్తకు అన్నగారైన మాన్వి విశ్వేశ్వరయ్య గారు, ఏడేళ్ళుగా బంధువులందరికీ చెబుతున్నారు. కూతురు పోయిన ఆడది గిటారు వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగితే పిచ్చి గాక ఇంకేమిటని వారి వాదన. అందుకని కర్నూలులో నా లివరుకు వైద్యం చేస్తున్న డాక్టరు గారి కాగితంతో పాటు, మనసు డాక్టరు గారి దగ్గర కూడా ఒక సర్టిఫికెట్టు తీసుకొని దీనికి జతపరిచాను. పోయింది లివరు, బుద్ధి కాదు. వచ్చే పత్తి సీజను నేను చూడనని డాక్టరు గారు చెప్పకనే చెప్పారు.

నాకు భర్త లేడు. ఉన్న ఒక్క కూతురు శ్రీవల్లి లేదు. నేను ఏమీ రాయకుండా కన్నుమూస్తే చట్టప్రకారం నా సొత్తంతా భర్త వైపు వారసులకు, అంటే బావగారికే పోతుంది. ఇల్లు పోయినా, బంగారం పోయినా నాకు చింత లేదు. ఒక్క వస్తువు మాత్రం వారి చేతికి పోకూడదు. ఈ కాగితాలన్నీ దానికోసమే.

1. ఈ వీలునామాను అమలు జరిపే ఎగ్జిక్యూటరుగా బావగారి కుమారుడు మాన్వి గిరిధర్‌ను నియమిస్తున్నాను. వాడు మంచివాడు, కాకపోతే తండ్రి ముందు నోరు పెగలదు. ఇన్నేళ్ళూ నా వెంట కారు తోలినవాడు వాడే. ఆ గిటారు బజారులో ఇప్పుడు ఎంత ధర పలుకుతుందో కూడా వాడికి బాగా తెలుసు. కాబట్టి వాడికి పని అప్పగించి, కాలికి ఒక తాడు కూడా కట్టాను. ఆ తాడు ఎనిమిదో అంశంలో ఉంది. నేనూ వ్యాపారస్థుల కోడలినే కదా.

2. ఆ వస్తువు వివరం. షెడ్యూలులో వకీలు అశోక్ గారు మొదట "గిటారు, పాతది, ఒకటి" అని రాశారు. కొట్టేయించి ఇలా రాయిస్తున్నాను. అది కరెంటుతో పలికే బేస్ గిటారు. లావుపాటి తీగలు నాలుగు. పాటకు అడుగున నడిచే బరువైన మోత దానిది. జపాన్ దేశంలో ఒక చిన్న కంపెనీ అరవై మాత్రమే చేసి ఆపేసింది. మా శ్రీవల్లిది ఇరవైమూడో నంబరు. గిటారు ఒళ్ళు మధ్యలో తెల్లటి యాష్ కట్టె, దానికి పైనా కిందా అక్రోటు కట్టె, రెంటి నడుమ కాగితమంత మందాన నల్లటి పట్టీ. పైన వార్నిష్ లేదు, నూనె పాలిష్ మాత్రమే. కుడి ముంజేయి ఆనే చోట ఆ పాలిష్ పోయి, కట్టె బోసిగా, నున్నగా తగులుతుంది. అది నా కూతురి చేయి రుద్దిన చోటు.

దీన్ని నా పుట్టింటివారు పెట్టిన వంకీలు అమ్మి కొన్నాను. అంటే ఇది నా స్త్రీధనం. మా కుటుంబం పత్తి మిల్లుకు గాని, ఉమ్మడి ఆస్తికి గాని ఇందులో ఎటువంటి హక్కూ లేదు.

3. అది నా చేయి దాటిన విధం. 2018 జనవరిలో, జాతర రోజుల్లో, నా పుట్టిల్లయిన ఎమ్మిగనూరులో ఒక కాలనీ వాళ్ళు స్టేజి వేసి పాటకచేరీ పెట్టారు. కచేరీ చేసే ట్రూపులో శ్రీవల్లి వాయించేది. దుమ్ము లేవకుండా సాయంత్రమే నేలంతా నీళ్ళు చల్లారు. స్టేజి ఎక్కేవాళ్ళు చెప్పులు విప్పి, నేలకు మొక్కి ఎక్కడం మన వైపు మర్యాద. నా కూతురు కూడా విప్పింది. ఎప్పుడూ వెనక నిలబడే పిల్ల, ఆ రోజు వంత పాడటానికి మైకు దగ్గరికి వచ్చింది. చేతులు తీగల మీద ఉన్నాయి, పెదవి మైకుకు తగిలింది. అంతే. నేను ముందు వరుసలో కూర్చుని ఉన్నాను. పాటలో ఊగుతోందనుకొని చప్పట్లు కొట్టాను.

సౌండు బాక్సు ప్లగ్గుకు ఉండవలసిన మూడో పిన్ను, ఎర్తు పిన్ను, విరిచేసి ఉందని తరువాత తెలిసింది. బోర్డులో ఉన్నవి రెండు రంధ్రాలేనట. ఎర్తు లేకపోతే బాక్సులోని కరెంటు గిటారు తీగల్లోకి దిగుతుందట. ఆ పిన్ను విరిచిన మనిషి పేరు ఇక్కడ రాయను. వాడికి నేనేమీ ఇవ్వడం లేదు, శాపం కూడా.

చనిపోయిన నక్షత్రం మంచిది కాదని పురోహితుడు చెప్పగా ఆదోనిలో మా ఇల్లు ఆరు నెలలు మూసిపెట్టారు. నేను ఎమ్మిగనూరులో ఉండిపోయాను. తాళంచెవి బావగారి దగ్గర ఉంది. ట్రూపు వాళ్ళు తెచ్చి పెట్టిన గిటారు వరండాలో ఉంది. నెలలు తీరి ఇల్లు తెరిచేసరికి అది లేదు. అడిగితే బావగారు, "బళ్ళారి వాడెవడికో అమ్మేస్తి. పిల్లను మింగిన సామాను ఇంట్లో పెట్టుకుంటారామ్మా? ఇంగ దాని మాట ఎత్తొద్దు" అన్నారు. ఎత్తకుండా ఉండటం నా వల్ల కాలేదు.

4. వెతుకులాట. ఇది వీలునామాకు అక్కరలేదని వకీలు గారు అంటున్నారు. నాకు అక్కర ఉంది, కాబట్టి ఉంటుంది. బళ్ళారిలో ఉన్న గిటారు దుకాణాలన్నీ అడిగాను. ఎవరికీ తెలియదు. ఎవరో చెప్పగా హొళగుంద పోతే, ఆర్కెస్ట్రా నడిపే ఒక పెద్దాయన గోనెసంచి విప్పి, "ఇదు ఒరిజినలే తాయీ, జపాన్‌దే" అని కన్నడం కలిపి చెప్పి చూపించాడు. మామిడి కట్టెకు రంగు పూసి పెట్టాడు. రాయచూరులో ప్లైవుడ్డు. హుబ్లీలో ఒకటి చూపు వరకు అచ్చం మా పిల్లదే, ఎత్తితే బెండు. అక్రోటు అంత తేలిక ఉండదు.

కట్టెలు గుర్తుపట్టడం నాకు పుట్టుకతో రాలేదు. ఆదోని కోత మిల్లుల్లో ఎండలో నిలబడి టేకు ఏదో, వేప ఏదో, జిట్రేగి ఏదో వాసన చూసి నేర్చుకున్నాను. మన దగ్గర దొరకని యాష్ కట్టె, అక్రోటు కట్టె ముక్కలు గిరిధర్ బెంగుళూరు నుంచి తెప్పించి ఇచ్చాడు. అవి నా దిండు కింద ఉండేవి. రోజూ గోటితో గీకి చూసుకునేదాన్ని. మా ఆయన పత్తి బేలు కొనేటప్పుడు పైన చూసి ఎన్నడూ ధర చెప్పలేదు. గోనె కోసి, బేలు కడుపులోకి వేళ్ళు పోనిచ్చి, లోపలి దూది లాగి, బొటనవేళ్ళ మధ్య పింజ పొడవు చూసి అప్పుడు నోరు విప్పేవారు. నేను కూడా ప్రతి గిటారుకూ వెనక మూత విప్పించి లోపలి కట్టె చూసేదాన్ని. దుకాణదారులు తిట్టుకున్నారు. తిట్టుకోనీ.

ఒకసారి బెంగుళూరులో నిజమైనదే దొరికింది. అవే కట్టెలు, అదే బరువు. కాని నలభై ఒకటో నంబరు. "రెండూ ఒకటే కదా పిన్నీ, తీసుకుందాం" అని గిరిధర్ బతిమాలాడు. వాడిది మంచి మనసే. నేను కుడి చేయి ఆనే చోట తడిమి చూశాను. పాలిష్ కొత్తగా, జిగటగా ఉంది. ఎవరూ రుద్దలేదు. తిరిగి ఇచ్చేసి కారు ఎక్కాను. ఆ రోజు నేను వాడి మీద అకారణంగా విసుక్కున్నాను. వాడు మనసులో పెట్టుకోవద్దు.

5. దొరికిన విధం. ఇది బావగారు శ్రద్ధగా వినాలి. పోయిన ఏడాది మా మిల్లు పాత హమాలి మద్దయ్య భార్య హనుమంతమ్మకు పక్షవాతం వచ్చిందని తెలిసి, ఒక ఆదివారం పొద్దున చూడటానికి పెద్దకడుబూరు దగ్గర వాళ్ళ ఊరికి పోయాను. ఇంట్లో హనుమంతమ్మ ఒక్కతే మంచం మీద నిద్రపోతోంది, మిగతావాళ్ళు చర్చిలో ఉన్నారని పక్కింటివాళ్ళు అన్నారు. ఆ సందులో నడుస్తుంటే పాట అడుగున ఆ మోత వినిపించింది. వినగానే పరుగెత్తానని రాస్తే అబద్ధం. గోడ పట్టుకొని నిలబడ్డాను. ఇన్ని ఊళ్ళు తిరిగి మోసపోయినదాన్ని, నమ్మడానికి ఒళ్ళు ఒప్పుకోలేదు.

చర్చి లోపల మద్దయ్య కూతురు కవిత వాయిస్తోంది. గిటారు నీలంగా ఉంది. నీలమంటే ఏదో ఒక నీలం కాదు, మా మిల్లులో బేళ్ళ మీద నంబర్లు వేసే రంగు. పెళ్ళయినప్పటినుంచి నా కళ్ళముందు ఉన్న రంగు అది. కుడి చేయి ఆనే చోట ఆ రంగు కూడా లేచిపోయింది. కింద గోధుమరంగు కట్టె కనబడుతోంది.

నేను గిటారు అడగడానికే అడుగు ముందుకు వేశాను. అప్పుడు ఆ పిల్ల పాదాలు చూశాను. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చింది. పొద్దునే కడిగిన బండలు ఇంకా ఆరలేదు. కరెంటు తీగ వెంట చూపు పోనిచ్చాను. గోడకున్న బోర్డులో ప్లగ్గు, ఆ ప్లగ్గుకు రెండే పిన్నులు, వదులుగా ఉందని పక్కన అగ్గిపుల్లలు దోపారు. ముందర మైకు. ఆ పిల్ల వంత పాడటానికి మైకు వైపు వంగుతోంది.

పోయి ప్లగ్గు పీకేశాను. పాట ఆగిపోయింది. చర్చి అంతా నావైపు తిరిగింది. "ఎవరమ్మా నువ్వు? పాట సగంలో ఉండాది, తీగ యాల పీకినావ్?" అని కవిత గట్టిగానే అడిగింది. నేను ఆ అమ్మాయి చేయి పట్టుకొని, వేళ్ళు వేడిగా ఉన్నాయా లేదా అని చూస్తూ ఉండిపోయాను. మద్దయ్య వచ్చి నన్ను గుర్తుపట్టి, గిటారుతో సహా ఇంటికి తీసుకుపోయాడు.

తరువాత వాళ్ళింట్లో గిటారు వెనక మూత విప్పించాను. అందులో ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. అది కదిలి గడగడలాడుతుందని శ్రీవల్లి దాని చుట్టూ దూది కూరింది. ఆ దూది అక్కడే ఉంది. వేళ్ళు పోనిచ్చి లాగాను. ఒక కొసన ఎర్రదారం మెలి. మా ఆయన నమూనా తీసినప్పుడల్లా అలాగే దారం చుట్టేవారు. ఆయన పోయేముందు తీసిన ఆఖరి నమూనా దేవుడి గూట్లో ఉండేది, అది ఏమైపోయిందా అని నేను ఇల్లంతా వెతికాను కూడా. బొటనవేళ్ళ మధ్య పెట్టి లాగి చూశాను. పొడుగు పింజ. ఇక నంబరు కోసం రంగు గీకనక్కరలేకపోయింది. నా కూతురు పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. ఆ ఇంట్లో, పక్షవాతం వచ్చిన మనిషి మంచం పక్కన వచ్చింది.

6. బావగారూ, ఈ కాగితం చదివేదాకా అది బూడిద అయిపోయిందనే మీరు అనుకుంటున్నారు. మీరు దాన్ని అమ్మలేదు. మన పత్తిగింజల నూనె మిల్లు బాయిలర్‌లో వేసి కాల్చమని మద్దయ్యకు ఇచ్చారు. కాల్చారని తెలిస్తే నేను బతకనని, బళ్ళారి పేరు చెప్పారు. అది నా మీద దయ అని మీరు ఇప్పటికీ అనుకుంటూ ఉండవచ్చు. ఆ దయ వల్ల నేను అక్కడ లేని వస్తువు కోసం కర్ణాటకమంతా తిరిగాను. అది మాత్రం మన ఊరి నుంచి బస్సులో పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి రాగలిగినంత దూరంలో, మంచం కింద ఉంది. బేలు కోసి చూడకుండా ఎప్పుడైనా కొన్నారా మీరు? మద్దయ్య "కాల్చేసినా శెట్టీ" అనగానే బూడిద కూడా చూడకుండా ఎలా నమ్మారు?

నా భర్త బేలు కోసే నమూనా కత్తిని మీకు ఇస్తున్నాను. పిడి వదులుగా ఉంది, జాగ్రత్త. మిమ్మల్ని క్షమించినట్టు ఒక మాట చేరిస్తే పద్ధతిగా ఉంటుందని వకీలు గారు సలహా ఇచ్చారు. చాలా ఆలోచించాను. చేర్చలేదు.

7. పైన రెండో అంశంలో వివరించిన బేస్ గిటారును, దాని లోపలి దూదితో సహా, మద్దయ్య కుమార్తె కవితకు, దానవిక్రయాది సర్వహక్కులతో ఇస్తున్నాను. నా భర్త వారసులెవరికీ దానిమీద హక్కు లేదు. దాన్ని అడగడానికి, తేవడానికి, కాల్చడానికి ఎవరూ ఆ ఊరు పోకూడదు. మద్దయ్య మీద దొంగతనం అనే మాట ఎవరు ఎత్తినా వారికి ఈ వీలునామా కింద వచ్చేది ఏదీ రాదు. అతను నాతో అన్న మాట ఉన్నదున్నట్టు రాయిస్తున్నాను: "బాయిలర్ కాడికి పోతినమ్మా. తలుపు కూడా తీస్తి. పాప పట్టుకున్న సామాను, ఏసేదానికి సేతులు రాలే. సెబితే శెట్టి యాడ ఈడికొచ్చి కాలుస్తాడో అని సెప్పలే." అందుకే మిల్లు రంగు పూసి, మంచం కిందికి తోశాడు. కూతురు పెద్దదై అడిగితే తీసి ఇచ్చాడు. నేను దాన్ని వెనక్కి అడుగుతానని ఆ రోజంతా భయపడ్డాడు. నేను అడగలేదు.

కవితా, ఇది నా కూతురిదని నీకు ఆ రోజు నేను చెప్పలేదు, మీ నాయన కూడా చెప్పలేదు. చెబితే నువ్వు వాయించడం మానేస్తావని నాకు భయం వేసింది. ఈ కాగితం చదివే రోజు తెలుస్తుంది. తెలిశాక ముట్టుకోబుద్ధి కాకపోతే తప్పు లేదు. అప్పుడు అమ్ముకో. నీలం రంగు కింద ఏముందో, దానికి న్యాయమైన ధర ఎంతో గిరిధర్ నీకు చెప్పాలి, వేరేవాళ్ళను నమ్మవద్దు. వాయించబుద్ధి అయితే మాత్రం రంగు గీకించకు. అలాగే బాగుంది. దూది తీయకు, బ్యాటరీ గడగడలాడుతుంది.

హనుమంతమ్మకు నా మెత్తటి పరుపు, ఒరిగి కూర్చునే కుర్చీ. అవి కొత్తవే, నేను పడుకున్నది కొన్నాళ్ళే. శ్రీవల్లి బట్టలు ఎవరికీ ఇవ్వవద్దు. వాటిని నాతో పాటు కాల్చండి.

8. ఎనిమిదో అంశం, అంటే తాడు. ఇంట్లోనూ మిల్లులోనూ నాకు రావలసిన వాటాలు గిరిధర్‌కు చెందుతాయి, అయితే ఈ కింది పని జరిగిన తరువాతే. జరిగిందని మా ఇంటి పక్కనున్న హైస్కూల్లో సైన్సు చెప్పే వీణ గారు స్వయంగా చూసి సంతకం పెట్టాలి. నేను చెప్పినవన్నీ చేసినట్టే చేసి, లోపల వదిలేసే అలవాటు మా ఇంట్లో ఉంది.

ఆ చర్చి పక్కన, గోడకు దగ్గరగా, మనిషి లోతు గుంత తవ్వించాలి. రాగిరేకు దింపాలి. చుట్టూ బొగ్గు, రాళ్ళుప్పు పొరలు పొరలుగా వేసి పూడ్చి, అక్కడినుంచి లోపలి బోర్డుకు ఎర్తు తీగ లాగించాలి. ఆ తీగను బోర్డులోని మూడో రంధ్రానికి కలిపించాలి. ఎలక్ట్రీషియన్ "ఏం కాదులేమ్మా" అనే రకమైతే అతన్ని పంపించేసి ఇంకొకరిని పిలవాలి. వాయించేవాళ్ళు నిలబడే చోట రబ్బరు చాప వేయాలి. చెప్పులు విప్పడం మానమని నేను చెప్పను, ఎవరూ మానరు. చాప వేస్తే చాలు. ఆ రోజు నేను పీకిన ప్లగ్గును తీగ నుంచి కోయించి తెచ్చుకున్నాను, అది నా దగ్గరే ఉంది, మా బీరువాలో, శ్రీవల్లి ఫోటో పక్కన. దాన్ని ఎవరూ మళ్ళీ వాడకూడదు.

ఇదంతా నేనే బతికుండగా చేయించవచ్చు కదా అని వకీలు గారు అడిగారు. మూడు రంధ్రాల బోర్డు, మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం పెట్టించాను. గుంత తవ్వేటప్పుడు అక్కడ నిలబడి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. అప్పటిదాకా మైకు ముట్టుకోనని, గిటారు మాత్రమే వాయిస్తానని కవిత నా చేతిలో చేయి వేసి చెప్పింది. అందుకని గిరిధర్, ఇది నా పదకొండో రోజులోపే జరగాలి. మిగతా తంతులు ఆలస్యమైనా పరవాలేదు.

9. ఆఖరుది. మన నేలలు ఎండు నేలలు. ఎర్తు గుంత ఎండిపోతే ఉప్పూ బొగ్గూ ఉన్నా పనిచేయదు, తడి ఉండాలి. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. కాబట్టి నా పేరు మీద తద్దినాలు పెట్టించవద్దు. నా కూతురికి ఏటా మంత్రం చెప్పించి వదిలే నువ్వులూ నీళ్ళూ కూడా ఇక ఆపేయండి. ఆ ఖర్చుతో ఆ గుంత పక్కన ఒక కుళాయి పెట్టించండి. ఆదివారం పాట మొదలయ్యే ముందు, కవిత గిటారు భుజానికి తగిలించుకోకముందు, ఎవరైనా సరే, ఏ కులం వాళ్ళయినా సరే, ఆ గుంతలో ఒక బిందె నీళ్ళు పోయాలి. మా ఇద్దరికీ అదే చాలు. ఎండాకాలంలో రెండు బిందెలు పోయండి.

ఈ అంశాలన్నీ నేను విని, సరిగ్గా ఉన్నవని ఒప్పుకొని, ఆదోనిలో మా ఇంట్లో, 2025వ సంవత్సరం జూలై నెల 14వ తేదీ సోమవారం నాడు, ఈ కింది సాక్షుల ఎదుట సంతకం చేశాను. సంతకం వంకరగా ఉంది గాని, మనిషిని నేనే.

(సంతకం) మాన్వి భాగ్యలక్ష్మి

సాక్షులు:
1. (సంతకం) వీణ, ఉపాధ్యాయురాలు, ఆదోని
2. (సంతకం) సంతోషి, నర్సు, ఆదోని

రాసినవారు: (సంతకం) అశోక్, వకీలు, ఆదోని